మా యింటి రాత్రి ప్రార్థన

పిల్లలతో గృహారాధన జరుపుటను గూర్చి కొంత వ్రాయవలసినదని సంచిక సంపాదకులు కోరినప్పుడు మేము సంశయించితిమి. మేము బోధకులము కాము, ఉపదేశికులమును కాము. మా పిల్ల లిరువురు ఈ పాఠశాలయందు చదువుకొనుచున్నారు. మాకు గల యర్హత యంతమాత్రమే. మఱియు మా యింట ప్రార్థన చక్కగా జరిగిన రాత్రులకంటె చెడిపోయిన రాత్రులే యెక్కువ. అయినను మేము నేర్చుకొన్న దేమైన నున్నచో అది ఆ చెడిపోయిన రాత్రులనుండియే గనుక, చిన్నబిడ్డలుగల తల్లిదండ్రులకు కొంచెమైన నుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము సికింద్రాబాదులోని చిలకలగూడలో. రాత్రి యెనిమిది గంటలకు, భోజనములైన పిమ్మట, ముందుగదిలో చాప పఱతుము. మా తల్లిగారు గోడ కానుకొని కూర్చుందురు. ఒక కీర్తన, ఒక చిన్న వేదపాఠము, తరువాత ఒక్కొక్కరు చెప్పవలసిన స్తోత్రము. ఇంతియే మా క్రమము. తొలిదినములలో దీనిని అరగంట సాగించుచుంటిమి. చిన్నవానికి అప్పటికి ఆరేండ్లు. రెండవ కీర్తన ముగియకమునుపే వాడు నాయనమ్మ యొడిలో నిద్రపోవుచుండెను. పెద్దమ్మాయికి తొమ్మిదేండ్లు, ఆమె నిద్రపోదు గాని చాపపుల్లలు ఒక్కొక్కటిగా లాగుచుండెను. చాప యొక యంచున పాడైన పిమ్మట మా కాలపరిమాణము పది నిమిషములకు దిగినది. నేటికిని అంతకు మించనీయము.

స్తోత్రము చెప్పు వంతు వచ్చినప్పుడు చిన్నవాడు ప్రతి రాత్రియు ఒక్కటే మాట చెప్పుచుండెను: "అన్నిటికొరకు స్తోత్రం దేవా, ఆమేన్." వినుటకు ముద్దుగా నుండెను. చుట్టములు వచ్చినప్పుడు వానిచేత చెప్పించి సంతోషించుచుంటిమి కూడను. ఒకనాటి రాత్రి మా గృహిణి, "అన్నిటికి అంటే వేటికి నాన్నా?" అని యడిగినది. వాడు చాలసేపు ఆలోచించి, "అన్నిటికీ," అనెను. ఆ రాత్రినుండి ఆమె యొక నిబంధన పెట్టినది. అన్ని, సమస్తము, ఎల్ల అను మాటలు మా ప్రార్థనలో వాడరాదు. ఆ దినమున కంటితో చూచినదియో చేతితో తాకినదియో ఒక్కటి, పేరుపెట్టి చెప్పవలెను.

మొదటి రాత్రి వాని నోట మాట రాలేదు. రెండవ రాత్రి, "బల్లికి స్తోత్రం," అనెను. అక్క పకపక నవ్వినది. మేమును నవ్వు నాపుకొనలేకపోతిమి. మా తల్లిగారు మాత్రము నవ్వక, "ఏ బల్లికి బిడ్డా?" అని యడిగిరి. వాడు ట్యూబులైటు ప్రక్కను చూపెను. అక్కడ నున్న బల్లి దోమలను పట్టి తినుచుండుటను వాడు మూడు దినములుగా గమనించుచున్నాడట. దానివలన తనకు దోమకాటు తగ్గినదని వాని నమ్మకము. "అన్నిటికొరకు" అని వాడు నూఱు రాత్రులు చెప్పినదానికంటె ఆ బల్లి స్తోత్రమే సత్యమైన స్తోత్రమని మాకు తోచినది.

స్తుతికిని కృతజ్ఞతకును భేదము చెప్పుటకు మేము పడిన పాట్లు వేఱొక కథ. దేవుడు మనకు ఇచ్చినదానికి చెల్లించునది కృతజ్ఞత యనియు, ఆయన యెట్టివాడో దానినిబట్టి చేయునది స్తుతి యనియు పెద్దమాటలతో చెప్పబోతిమి. పెద్దమ్మాయి మధ్యలో అందుకొని, "మామిడిపండు ఇచ్చినందుకు థాంక్స్ చెప్తే కృతజ్ఞత. పండు లేకున్నా చెట్టు ఎంత బాగుందో అంటే స్తుతి. అంతే కదా నాన్నా?" అనినది. అంతే. మేము పుస్తకము మూసితిమి.

136వ కీర్తన పిల్లలున్న యింటికి గొప్ప వరము. అందు 26 వచనములలోను పల్లవివలె ఒక్కమాటయే మరల మరల వచ్చును. పెద్దవారు వచనముయొక్క మొదటి భాగము చదువగా పిల్లలు పల్లవి నందుకొనవచ్చును. సృష్టితో మొదలై, ఐగుప్తునుండి విడుదలమీదుగా సాగి, చివరకు సకలజీవులకును ఆహారమిచ్చుట వఱకు వచ్చు నా కీర్తనను మా పిల్లలు అక్కడ ముగియనీయలేదు. కుళాయిలో నీళ్లు వచ్చినవనియు, పోయిన కరెంటు తిరిగి వచ్చినదనియు, లెక్కల టీచరు ఈ దినము కోపపడలేదనియు మొదటి భాగములు తామే కల్పించి పల్లవి చేర్చుచుండిరి. ఇది భక్తికి లోపమా యని యొకరిద్దరు పెద్దలు మమ్ము నడిగిరి. ఆ కీర్తనకారుడును తన జనమునకు నిజముగా జరిగినవానినే వరుసగా చెప్పెను గదా యని మా సమాధానము.

ఇచ్చట మా తల్లిగారు చెప్పిన మాట యొకటి వ్రాయవలెను. పిల్లలు ప్రతిదానికి థాంక్స్ అనుట విని, "మా ఊర్ల ఆ మాట లేకుండె," అని వారనిరి. మఱి మేలు చేసినవారితో ఏమందురని పిల్లలు ఆశ్చర్యపడి యడిగిరి. "నీ కడుపు సల్లగుండ అనేటోళ్లు. నీ మేలు మరువను అనేటోళ్లు," అని వారి జవాబు. ఆలోచించి చూడగా మన తెలుగువారి కృతజ్ఞత ఈ రెండు దారులనే నడచుచుండును. ఒకటి, మేలు చేసినవానిని దీవించుట. రెండవది, మఱవనని మాట యిచ్చుట. 103వ కీర్తనలో దావీదు తన ప్రాణమును హెచ్చరించునది ఈ మఱపును గూర్చియే. ఇన్నేండ్లు ఆ కీర్తన చదివియు, అది మా యూరి ముసలమ్మల మాటకు ఇంత చేరువైనదని మాకు తోచలేదు.

పిల్లల కనుమానములు ఎక్కడనుండి వచ్చునో చెప్పలేము. లూకా సువార్త 17వ అధ్యాయములోని పదిమంది కుష్ఠరోగుల కథ చదివిన రాత్రి, తిరిగి రాని తొమ్మండుగురు కృతఘ్నులని మేము కొంచెము ఘాటుగా చెప్పితిమి. చిన్నవాడు ఒప్పుకొనలేదు. "వాళ్లు అమ్మను చూడటానికి పరుగెత్తి ఉంటారు," అనెను. మేము ఖండింపబోయి మానుకొంటిమి. తిరిగి వచ్చినవాడు మంచివాడనుటకు తక్కిన తొమ్మండుగురిని రాళ్లతో కొట్టనక్కఱలేదు.

మన సికింద్రాబాదునకే చెందిన వేఱొక కథ మా ప్రార్థనకు పెద్ద మార్పు తెచ్చినది. బేగంపేటలోని యొక భవనమున 1897 ఆగస్టు 20వ తేదీని సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతవఱకు చెడుగాలివలన వచ్చునని లోకము తలంచిన జ్వరము దోమ మూలమున వచ్చునను సత్యము దానితో తేటపడ నారంభించెను. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ సత్యము తెలిసిన వెంటనే ఆయన చేసిన పనులలో నొకటి, దేవునికి కృతజ్ఞతగా ఒక పద్యము వ్రాయుట. బల్లికి స్తోత్రము చెప్పిన చిన్నవానికి ఈ కథ చెప్పవలెనని మేము ఉబలాటపడి, ఒక ఆదివారము ఆ భవనము చూపి వచ్చి, రాత్రి చాపమీద పూర్తిగా చెప్పితిమి. ఆ దోమలు కుట్టుటకు తన చేతిని అప్పగించిన హుసేన్ ఖాన్ అను రోగిని గూర్చియు, కుట్టిన దోమ కొకటి చొప్పున అణా ఆయనకు ముట్టినదనియు చెప్పితిమి. పిల్లలకు అణా యననేమో చెప్పవలసి వచ్చినది.

పెద్దమ్మాయి అడిగినది: "డాక్టరు దేవుడికి థాంక్స్ చెప్పాడు సరే. హుసేన్ ఖాన్‌కు ఎవరు చెప్పారు?"

అణాలు ముట్టినవి గదా యంటిమి. "అది కూలి. థాంక్స్ కాదు," అనినది. ఆ రాత్రి మా గృహిణి రెండవ నిబంధన చేర్చినది. దేవునికి స్తోత్రము చెప్పిన మేలు ఏ మనుష్యుని చేతిమీదుగా వచ్చినదో ఆ మనుష్యుని పేరుకూడ చెప్పవలెను. వీలైనచో మరునాడు వానితోనే చెప్పవలెను. ఈ నిబంధనవలన మేమెన్నడు నెఱుగని పేళ్లు మా యింటిలోనికి వచ్చినవి. చెత్తబండి తెచ్చు అమ్మపేరు మాకు ఏడేండ్లుగా తెలియదు. చిన్నవాడు వీధిలో ఆమెను నిలిపి యడిగి తెలిసికొని వచ్చెను. పేరు తెలియకయే ఆమెకొఱకు స్తోత్రము చెప్పి యుండినచో ఏమగునని కొందఱు అడుగవచ్చును. దేవునికి లోపమేమియు లేదు. మాకు మాత్రము సిగ్గు లేకుండ పోయి యుండెడిది.

2020 మార్చి 22వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు దేశమంతట జనులు గుమ్మములలో నిలిచి, వైద్యులకును దాదులకును పారిశుధ్యపు పనివారికిని కృతజ్ఞతగా చప్పట్లు చఱచి పళ్లెములు మ్రోగించినది చదువరులకు జ్ఞాపకముండును. మా పిల్లలకు 150వ కీర్తనలోని తాళములన్నియు ఒక్కసారి చేతికి వచ్చినట్లాయెను. స్టీలు పళ్లెమొకటి సొట్టపడినది. నేటికిని అట్లే యున్నది. గాంధీ ఆసుపత్రి మా యింటికి దూరము కాదు. ఆ సంవత్సరము కరోనా రోగులకొఱకు దానిని కేటాయించిరి గనుక, పళ్లెముల మ్రోత ఆగిన తరువాతి నెలలలో మా రాత్రి ప్రార్థనలో వినబడినది అంబులెన్సుల కూతయే. అది వినబడినప్పుడు కీర్తన ఆపి, అందులో నున్నవారికొఱకును బండి నడుపువానికొఱకును ఒక మాట చెప్పి మరల పాడుచుంటిమి. కొన్ని రాత్రులు కీర్తన ముగియలేదు.

2021 ఏప్రిలులో ఆ వ్యాధి మాకే వచ్చినది. మేడమీది గదిలో పదునాలుగు దినములు ఒంటరిగా నుంటిమి. క్రింద ప్రార్థన ఆగలేదు. మెట్లమీదుగా పిల్లల గొంతులు వినబడుచుండెను. 136వ కీర్తన పల్లవి యెత్తుకొని చిన్నవాడు, "నాన్న ఈ రోజు ఇడ్లీ తిన్నాడు," అని మొదటి భాగము చేర్చెను. ఎన్ని ప్రసంగములు విన్నను మాకట్టి యాదరణ కలుగలేదు. మే నెల మొదటివారమున క్రిందికి దిగి వచ్చితిమి. ఆ రాత్రి ప్రార్థన పండుగవలె జరిగినది.

ఆ వారము గడవకముందే ఎదురింటి ఆయన పోయినాడు. ఆటో నడుపుకొని కుటుంబమును పోషించుకొనుచుండిన మంచివాడు. వయస్సు మావంటిదే, జబ్బు మాదే. వారి చిన్నకుమారుడు మా చిన్నవానికి సావాసగాడు. వారి మతము వేఱు. అయినను ప్రతి క్రిస్మసుకు మా యింటి పిండివంటలు వారికి పోవుట, వారి పండుగకు వారివి మాకు వచ్చుట తప్పనిది. పోయి పలుకరించుటకైనను వీలులేని దినములవి. ఆ రాత్రి యెనిమిది గంటలకు అలవాటుచొప్పున చాప పఱచితిమి. మేము బ్రదికి వచ్చినందుకు ఆ వారమంతయు చెప్పిన స్తోత్రమే మొదలుపెట్టబోతిమి.

చిన్నవాడు అడిగెను: "నాన్నా, వాళ్లింట్లో ఈ రాత్రి దేనికి స్తోత్రం చెప్పుకుంటారు?"

చదువరులారా, మాకు జవాబు తోచలేదు. దేవుడు మమ్ము కాపాడెనని చెప్పుకొనుచున్న ప్రతి మాట కిటికీ దాటి ఎదురింటికి వినబడుచున్నదేమో యనిపించినది. ఆయనను ఏల కాపాడలేదని వాడు అడుగలేదు. అడిగినదానిలోనే అది యున్నది. మేము ఏదో వేదవచనముతో సర్దబోయితిమి గాని గొంతు రాలేదు. మా తల్లిగారు వానిని దగ్గఱకు తీసికొని, "ఈ రాత్రి స్తోత్రం వద్దు బిడ్డా. వాళ్లతోని మనం గూడ ఏడుద్దాం," అనిరి. అట్లే చేసితిమి. పది నిమిషములు కాలేదు, గంటయైనది.

మరునాడు మేము దావీదు కీర్తనల గ్రంథమును క్రొత్తగా తెఱచి చూచితిమి. పిల్లలకని మేము ఏరుకొన్నవన్నియు సంతోషకీర్తనలే. ఎంతకాలమని మొఱ్ఱపెట్టి, చివరకు పాటగా ముగియు 13వ కీర్తనను వారికి ఎన్నడును చదువలేదు. చీకటితోనే ముగిసిపోవు 88వ కీర్తన మాట యెత్తనేలేదు. చిన్నబిడ్డల మనస్సు నొచ్చుకొనునని దాచితిమి. వారి మనస్సు అప్పటికే నొచ్చుకొని యున్నది. దానికి మాట లేకుండ చేసినవారము మేమే. ఆ రాత్రి 13వ కీర్తన చదివితిమి. 88వది కొన్ని మాసముల పిమ్మట చదివితిమి. చదివి, చివర నే యుపదేశమును చేర్చక వదలితిమి.

మూడవనాటి రాత్రి మా తల్లిగారు తమ తండ్రిగారి కథ చెప్పిరి. మెదకు దేవాలయము 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడినది. అది కరవు కాలము. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఊరక అన్నము పంచుటకంటె పని యిచ్చి అన్నము పెట్టుట మేలని తలంచి, ఆ కట్టడము పనిలో చుట్టుప్రక్కల గ్రామములవారిని పెట్టుకొనిరి. పిల్లవాడుగా నుండిన మా మాతామహులు అందు తట్టలు మోసిరట. నూటడెబ్బది యడుగులకు మించిన ఆ గోపురమును చూచినప్పుడెల్ల ఆయన టోపీ తీసి నిలిచెడివారట. "కరువు వచ్చినందుకు ఆయన ఎన్నడు స్తోత్రం చెప్పలే. కరువుల ఇద్దరు తమ్ముళ్లు పోయిరి. బువ్వ దొరికినందుకు చెప్పిండు. రెండూ కలపకు," అని మా తల్లిగారు చిన్నవానితో చెప్పిరి.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో, కృతజ్ఞత చెల్లింపవలసినది ప్రతి విషయమునందు అని యున్నదిగాని ప్రతి విషయమునకు అని లేదని మా గృహిణి అప్పుడు చూపినది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో సమస్తమును గూర్చి యని ఆ యపొస్తలుడే వ్రాసినాడు గదా యని వేదపాఠములు నేర్పు ఉపాధ్యాయులు మమ్ము పట్టుకొందురని యెఱుగుదుము. పట్టుకొనవచ్చును. ఆ రెంటిని కలుపు విద్య మాకు లేదు. ఆరేడేండ్ల బిడ్డచేత చావునకు స్తోత్రము చెప్పింపబోము. మా వఱకు అది నిశ్చయము.

ఆ మే నెల 12వ తేదీనుండి రాష్ట్రములో లాక్‌డౌను. ఉదయము ఆరునుండి పది గంటలవఱకే బయటి పనులు. మా గృహిణి తెల్లవాఱకముందే లేచి రెండిండ్లకు వండుచుండెను. చిన్నవాడు మూతికి గుడ్డ కట్టుకొని క్యారియరు ఎదురింటి మెట్టుమీద పెట్టి, తలుపు తట్టి, వెనుకకు వచ్చి వీధి నడుమ నిలుచుచుండెను. లోపలనుండి సావాసగాడు వచ్చి క్యారియరు తీసికొనువఱకు కదలెడివాడు కాడు. ఇద్దఱును మాటలాడుకొనెడివారు కారు. ఇరువది దినములిట్లు జరిగినది. ఆ దినములలో మా ప్రార్థనయందు చిన్నవాడు చెప్పిన స్తోత్రమేమనగా, "వాడు ఈ రోజు బయటికి వచ్చాడు," అనునదే.

పాఠశాలలు తెఱచిన తరువాత ఆ బాలుడు సాయంకాలములు మరల మా యింటికి రాసాగెను. ఆట ముగియకముందే యెనిమిది గంటలగుచుండెను. వాని తల్లిని అడిగితిమి. కూర్చున్న కూర్చోనిండు, లేచిన పంపుడని ఆమె చెప్పినది. వాడు చాప యంచున, పుల్లలు పోయిన చోట, కూర్చుండెడివాడు. వాని వంతని మేము ఎన్నడును అనలేదు. పిల్లలకు కూడ అట్లే చెప్పియుంటిమి. ఏమియు చెప్పకుండుటకు కూడ మా చాపమీద చోటున్నదని వానికి తెలిసిన చాలునని యనుకొంటిమి.

ఒక సంవత్సరము గడచిన పిమ్మట, వారి ఆటో అమ్ముడుపోయిన దినమున, పెద్దమ్మాయి స్తోత్రము ముగియగానే వాడు అడుగకయే, "మా నాన్న నన్ను ముందు సీట్లో తన పక్కన కూచోబెట్టుకునేవాడు. హారన్ నేనే కొట్టేవాణ్ని," అనెను. అంతకుమించి చెప్పలేదు. స్తోత్రమను మాట దానిలో లేదు. మేము దానిని చేర్చలేదు. మా చిన్నవాడు, "ఎట్లా కొట్టేవాడివి?" అని యడిగెను. వాడు నోటితో ఆ హారను మ్రోగించి చూపెను. మా తల్లిగారు మరల కొట్టుమనిరి. వాడు మరల మ్రోగించెను. ఆ రాత్రి యెనిమిదిన్నర దాటినది; చాప చుట్టుట మేమందఱమును మఱచితిమి.